చూడకుండా అంటించిన స్టిక్కర్

రువైస్‌లో, గల్ఫ్ చమురు ప్లాంటులో, నా ఉద్యోగం వేడిని కొలిచే మీటర్లను సరిచూడడం. తీగ వేడెక్కిన కొద్దీ అందులో కరెంటుకు అడ్డు పెరుగుతుంది. ఆ అడ్డు ఎంత పెరిగిందో చూసి పైపు లోపల ఎంత వేడి ఉందో చెప్పవచ్చు. ఏళ్ల తరబడి నాకు తిండి పెడుతున్నది ఈ ఒక్క ముక్కే. ప్లాంటు నుంచి మీటరు మా వర్క్‌షాపుకు వస్తుంది. నేను పరీక్షించి, చిన్న ఆకుపచ్చ స్టిక్కర్ మీద ఇవాళ్టి తేదీ, మళ్లీ చూడవలసిన తేదీ రాసి, సంతకం చేసి అంటిస్తాను. ఆ స్టిక్కర్ లేని మీటరును ప్లాంటులో ఎవరూ నమ్మరు. ఉన్నదాన్ని ఎవరూ అనుమానించరు. చూడకుండా స్టిక్కర్ అంటించేవాడిని నేను మనిషి కింద జమకట్టేవాణ్ని కాదు. ఒకసారి నా పక్క బల్ల మీద పనిచేసేవాడు అలా చేస్తే పదిమందిలో వాణ్ని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆ తిట్లన్నీ ఇప్పుడు నాకు గుర్తున్నాయి.

అన్న గురించి చెప్పాలి. కార్మికుల క్యాంపులో నా పక్క మంచం ఆయనది. మాది జగిత్యాల వైపు. ఆయన ఊరికీ మా ఊరికీ మధ్య రెండే ఊళ్లు. నాకంటే పదేళ్లు పెద్ద. పని స్కాఫోల్డింగ్, అంటే టవర్ల చుట్టూ ఇనుప పైపులతో పరంజా కట్టడం. అందరికంటే ముందు పైకెక్కేది ఆయనే, అందరి తర్వాత దిగేదీ ఆయనే. పరంజా కట్టడం పూర్తయ్యాక ప్రతి బిగింపునూ చేత్తో ఊపి చూసి, అప్పుడు మెట్ల దగ్గర పచ్చ ట్యాగ్ కట్టేవాడు. ఆ ట్యాగ్ ఉంటేనే మిగతావాళ్లు ఎక్కాలి. ఫోర్‌మన్ 'యల్లా యల్లా, కానియ్యి' అని కింద నుంచి ఎంత అరిచినా ఆయన చెయ్యి తొందరపడేది కాదు.

ఆయనకు పైన ఉండడం ఇష్టం. "కింద అంత మంటనే తమ్మీ. పైకి పోతె సముద్రం కనవడ్తది, జర గాలి అస్తది. రువైస్ల గాలి దొరికేది గాడనే" అనేవాడు. అయితే అదే గాలి ఆయనకు అందకుండా పోతోంది. రోజుకు రెండు పెట్టెల సిగరెట్లు తాగేవాడు. సగం నిచ్చెన ఎక్కేసరికి ఆగి రొప్పడం ఫోర్‌మన్ కంట్లో పడింది. ఏడాదికోసారి ఎత్తులో పనిచేసేవాళ్లకు మెడికల్ ఉంటుంది. గొట్టంలోకి ఊదమంటారు, మెట్లు ఎక్కించి దించి గుండె చూస్తారు. అందులో తప్పితే పై పని ఖలాస్, కింద యార్డులో పైపులు లెక్కబెట్టుకోవడమే. ఆ మెడికల్‌కు ఇంకా ఆరేడు నెలలుందనగా, 2021 మొదట్లో, ఒక సాయంత్రం ఆయన నా మంచం మీద వచ్చి కూర్చున్నాడు.

"తమ్మీ, గా పొగ మిషిన్ తోని నువ్వు ఇడిశినవు గద. నాతోని గూడ ఇడిపియ్యి."

నేను అప్పటికి ఏడాది కిందట వేప్, అంటే కరెంటుతో ఆవిరి పొగ వచ్చే మిషిన్, పట్టుకుని సిగరెట్ మానేశాను. దుబాయ్ దేరాలో ఒక సందులో కొన్న మిషిన్ అది. మానేయడం ఒక ఎత్తయితే, దాని గురించి నేను వాగడం మరో ఎత్తు. తోటివాళ్లు అన్నం తింటుంటే తీగల మీద పాఠాలు చెప్పేవాణ్ని. ఆ మిషిన్‌లో చిన్న తీగచుట్ట ఉంటుంది, దాని మధ్యలో దూది, దూదికి లిక్విడ్. తీగ వేడెక్కితే లిక్విడ్ ఆవిరవుతుంది. లిక్విడ్ అయిపోతే దూది మాడుతుంది, మాడిన పొగ గొంతులోకి పోతుంది. అలా కాకుండా మంచి మిషిన్‌లో వేడిని అదుపు చేసే ఏర్పాటు ఉంది. అది కూడా నా మీటర్ల లాగే తీగలో అడ్డు ఎంత పెరిగిందో చూసి వేడి లెక్కగడుతుంది, హద్దు దాటబోతే తానే కరెంటు ఆపేస్తుంది. ఒకటే షరతు: తీగ ఏ లోహమో దానికి ముందుగా మనం చెప్పాలి. నికెల్ వేడెక్కితే అడ్డు బాగా పెరుగుతుంది, టైటానియంలో అంతకంటే తక్కువ, స్టీలులో మరీ కొద్దిగా. ఉన్నది స్టీలు తీగ, మిషిన్‌కు చెప్పింది నికెల్ అనుకోండి. కొద్దిపాటి పెరుగుదల చూసి అది 'ఇంకా చల్లగానే ఉంది' అనుకుని కరెంటు పోస్తూనే ఉంటుంది. ఇదంతా నేను వేళ్ల మీద చెప్పేవాణ్ని. తెలియక చేశానని అనుకునే వీలు కూడా నాకు లేదు.

అన్నకు నా పాత మిషిన్ ఇచ్చి నికెల్ తీగ చుట్టాను. అడ్డు పెరగడం అందులో అన్నిటికంటే స్పష్టంగా తెలుస్తుంది కాబట్టి కొత్తవాడికి అదే భద్రం అనుకున్నాను. మిషిన్‌లో నికెల్ అని పెట్టి, వేడి హద్దు పెట్టి, ఎండిన దూదితో కూడా పరీక్షించాను. అది బుద్ధిగా ఆగిపోయింది. నాకు ఎంత సంబరమంటే, వర్క్‌షాపు నుంచి ఒక ఆకుపచ్చ స్టిక్కర్ తెచ్చి, తేదీ రాసి, సంతకం చేసి మిషిన్ వీపు మీద అంటించాను. హాస్యానికి చేశాను. అన్న నవ్వలేదు. బొటనవేలితో స్టిక్కర్‌ను మెల్లగా నిమిరి, "పచ్చ ట్యాగ్ వడ్డదన్నట్టు. ఇగ భయం లేదు" అన్నాడు.

"ఎంత గుంజినా ఏం గాదే అన్నా. ఎండితె అదే బందు అయితది" అన్నాను.

నిజంగానే ఆయన సిగరెట్ వదిలేశాడు. మొదటి పది రోజులు మాతో కుక్కలా కీచులాడాడు. తర్వాత తిండి పెరిగింది. నెల తిరిగేసరికి నిచ్చెన మధ్యలో ఆగడం మానేశాడు. "ఇయ్యాల ఏకబిగిన ఎక్కిన తమ్మీ" అని బూట్లు విప్పుతూ చెప్పిన రోజు నేను చంకలు గుద్దుకున్నాను. ఆయన ఊపిరి నేనే తెచ్చిచ్చినంత గొప్పగా తిరిగాను. దూది మార్చినప్పుడల్లా, తీగ చుట్టినప్పుడల్లా కొత్త స్టిక్కర్ వేయమనేవాడు. స్టిక్కర్ వేసేదాకా మిషిన్ ముట్టేవాడు కాదు. నేను వేసేవాణ్ని, మొదట్లో పరీక్షించి.

ఒక శుక్రవారం నాకు అబుదాబి పోయే పని ఉంది. స్నేహితుడి కారు గేటు బయట ఆగి హారన్ కొడుతోంది. రెండున్నర గంటల దారి. అన్న మిషిన్ పట్టుకొచ్చి, రుచి తగ్గింది, తీగ మార్చమన్నాడు. పోయిన నెలలో నేను దేరా నుంచి స్టీలు తీగ కూడా తెచ్చుకున్నాను, నా మిషిన్‌లో వేసి చూద్దామని. ఆ రెండు తీగల ఉండలూ ఒకే పిప్పరమెంటు డబ్బాలో ఉన్నాయి. పేరు రాసిన కాగితాలు ఎప్పుడో ఊడిపోయాయి. లోకంలోని మీటర్లన్నిటికీ చీటీలు అంటించే నేను నా తీగలకు ఒక చీటీ అంటించుకోలేదు.

రెండూ తెల్లగా మెరిసేవే. తేడా తెలుసుకోవడానికి గొప్ప పరికరం ఏమీ అక్కర్లేదు. నికెల్ అయస్కాంతానికి అంటుకుంటుంది, ఆ స్టీలు అంటుకోదు. నా అల్మారా తలుపు మీదే ఒక అయస్కాంతం ఉండేది, దుబాయ్ బొమ్మతో. చెయ్యి చాస్తే అందేంత దూరం. చాచలేదు. చేతికి వచ్చిన ఉండ తీసి చుట్టేశాను. తీగ ఎప్పటికంటే కాస్త బిరుసుగా అనిపించింది. బిగించాక మిషిన్ తెర మీద అడ్డు అంకె కనిపించింది. ఎప్పుడూ ఉండేదానికి మూడు నాలుగు రెట్లు. అంకెలు చూసి బతికేవాణ్ని. చూశాను. 'చుట్లు ఎక్కువ పడ్డాయేమో' అనుకున్నాను. కొత్త కాయిలేనా అని మిషిన్ అడిగితే అవునని నొక్కాను. కింద మూలన నికెల్ గుర్తు అలాగే ఉంది. బయట మళ్లీ హారన్.

"స్టిక్కర్?" అన్నాడు అన్న.

జేబులోంచి తీసి, తేదీ వేసి, సంతకం గీకి, అంటించాను. నిలబడే చేశాను అదంతా.

నేను కారెక్కక ముందే ఫోన్. గదిలో అన్న ఊపిరాడక దగ్గుతున్నాడని పక్క గదివాడు చెప్పాడు. పరుగున వెనక్కి వచ్చాను. ఆయన నేల మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు, కళ్లలోంచి నీళ్లు, నోటి వెంట చొంగ. గదంతా కాలిన గుడ్డ వాసన. కొత్త దూదికి లిక్విడ్ ఇంకా సరిగా పట్టలేదు, ఆ ఎండు దూదిని తీగ నిప్పులా మండించింది. మిషిన్ తానే ఆగుతుందన్న ధైర్యంతో ఆయన గుండెల నిండా లాగాడు. ఆ ధైర్యం ఆయనకు ఇచ్చింది నేనే.

మిషిన్ చేతిలోకి తీసుకుని తెర చూశాను. నికెల్ గుర్తు, పక్కన ఆ పెద్ద అంకె. ఒక్క చూపులో అంతా తెలిసింది. అన్న దగ్గు మధ్యలో తలెత్తి, "ఏమైందే తమ్మీ?" అని అడిగాడు.

"గట్టిగ గుంజినవే అన్నా" అన్నాను.

తెలిసి అన్నాను. ఈ కథంతా రాస్తున్నది ఆ ఒక్క మాట కోసమే. నీళ్లు తాగించాను, వీపు నిమిరాను, మిషిన్‌ను ఆయన పెట్టెలో పెట్టేశాను. తీగ విప్పలేదు. విప్పితే ఎందుకు విప్పుతున్నావని అడుగుతాడని భయం.

మర్నాటికి గొంతు పోయింది, దగ్గు తగ్గలేదు. అవి కరోనా రోజులు. బస్సెక్కే ముందు గేటు దగ్గర వరసలో నిలబెట్టి సెక్యూరిటీవాడు నుదుటికి తుపాకీ లాంటిది పెట్టి జ్వరం చూసేవాడు. ఎండలో నిలబడి నిలబడి అన్న నుదురు కాలిపోయి ఉంది. తుపాకీ ఎర్ర దీపం వెలిగించింది. అప్పుడే దగ్గు తెర వచ్చింది. వరసలో ముందువాళ్లూ వెనకవాళ్లూ రెండడుగులు తప్పుకున్నారు. నేనూ తప్పుకున్నాను.

"గిది గా దగ్గు కాదు సాబ్, పొగ పోయింది, గంతే" అని ఆయన పోయిన గొంతుతో తెలుగులోనే చెబుతున్నాడు. ఆ పాకిస్తానీ సెక్యూరిటీకి ఏం అర్థమవుతుంది? ఉర్దూ నాకు వచ్చు. నుదురు ఎండకు కాలిందనీ, ఆ తుపాకీ ఒంటి జ్వరం కాదు తోలు వేడి చూస్తుందనీ, దగ్గు మాడిన దూది వల్లనీ నాలుగు మాటల్లో చెప్పగలను. వేడి కొలవడమే నా పని. కానీ చెబితే ఏ దూది అంటారు. గదుల్లో వేప్ నిషేధం. మిషిన్ బయటికి తీస్తే వీపు మీద కంపెనీ స్టిక్కర్, దాని మీద నా సంతకం. అప్పుడే నన్ను సీనియర్ టెక్నీషియన్ చేయాలని కాగితం ముదీర్, అదే మా మేనేజరు, బల్ల మీద ఉంది. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని బస్సెక్కాను. కిటికీలోంచి చూస్తే ఆయనను చెట్టు కింద కుర్చీలో ఒంటరిగా కూర్చోబెట్టి ఉన్నారు.

క్యాంపు చివరి బిల్డింగ్‌ను అలాంటివాళ్ల కోసం ఖాళీ చేసి పెట్టారు. మొదటి పరీక్షలో ఏమీ లేదని తేలింది. అయినా దగ్గు తగ్గి, రెండో పరీక్ష అయ్యేదాకా వదిలేది లేదన్నారు. పదకొండు రోజులు ఉన్నాడు. సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి నేను ఆ కిటికీ కింద నిలబడేవాణ్ని. ఆయన పైనుంచి చెయ్యి ఊపేవాడు. అంత ఎత్తులో ఆయనను చూడడం నాకు అలవాటే, కాకపోతే టవర్ల మీద ఊచలు ఉండేవి కావు. నాలుగో రోజు అనుకుంటాను, ఆయన వేళ్ల మధ్య ఎర్రటి చుక్క కనిపించింది. గదిలో తోడున్న మనిషి దగ్గర సిగరెట్లు ఉన్నాయట.

"గదెందుకే అన్నా!" అని కింద నుంచి అరిచాను. నాకు కోపం కూడా వచ్చింది, సిగ్గులేకుండా.

"నాతోని గాదు తమ్మీ" అన్నాడు. "నువ్వు మంచిగనే చేసిచ్చినవు. నాకే గుంజ రాలే."

చెప్పవలసింది అప్పుడు. చుట్టుపక్కల ఎవరూ లేరు. చెప్పడానికి నాకు ఏ భాషా అడ్డం లేదు. "మంచిగ తిను" అని చెప్పి వచ్చేశాను.

ఆయన బయటికి వచ్చాక మిషిన్ ముట్టలేదు. మళ్లీ రెండు పెట్టెలు. మెడికల్ నాడు గొట్టంలోకి సరిగా ఊదలేకపోయాడు, మెట్ల దగ్గర కూర్చుండిపోయాడు. ఎత్తు పనికి పనికిరాడని రాశారు. మెటీరియల్ యార్డులో వేశారు. ఆయన జీవితమంతా చేత్తో ఊపి చూసిన బిగింపులను అక్కడ రకాల వారీగా పీపాల్లో వేయాలి. ఆ కాగితం వచ్చిన వారానికే నా ప్రమోషన్ కాగితం వచ్చింది. స్వీట్ల పెట్టె తెచ్చి క్యాంపులో పంచింది అన్నే. "మా తమ్మి చెయ్యి వడ్తె తప్పు పోదు" అని అందరికీ చెప్పాడు. నేను నా జిలేబీని కాగితంలో చుట్టి జేబులో వేసుకున్నాను.

ఆ తర్వాత నన్ను వేరే క్యాంపుకు మార్చారు. దూరం జరిగితే తేలికపడతాననుకున్నాను. ప్లాంటులో యార్డు పక్క నుంచి వెళ్లవలసి వస్తే చుట్టు తిరిగి వెళ్లేవాణ్ని. ఒకసారి తప్పలేదు. ఆయన పీపా మీద కూర్చుని, తల వెనక్కి వాల్చి టవర్ మీద పనిచేసేవాళ్లను చూస్తున్నాడు. పైన ఎవడో ఒక పైపును తప్పుగా అందిస్తుంటే ఈయన చెయ్యి దానంతటదే లేచి, గాలిలో సరిచేసి, దిగింది. నేను పలకరించకుండా వెళ్లిపోయాను.

అలా మూడేళ్లకు పైగా గడిపాను. 2024లో చలి మొదలైన రోజుల్లో, ఒక ఆదివారం మధ్యాహ్నం అన్న వెతుక్కుంటూ మా క్యాంపుకు వచ్చాడు. మనిషి తగ్గాడు. గది గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, చేతిరుమాలు మూట విప్పి నా మంచం మీద పెట్టాడు. మిషిన్. వీపు మీద ఆకుపచ్చ స్టిక్కర్ వెలిసి పసుపు తిరిగింది. నా సంతకం మాత్రం చెక్కుచెదరలేదు.

"కొత్త ఫోర్‌మన్ వచ్చిండు తమ్మీ. మెడికల్ పాసైతె మల్ల పైకి పంపుత అన్నడు. దీని తారీకు ఎప్పుడో అయిపాయె. చెక్ జేసి కొత్త స్టిక్కర్ ఎయ్యి." కాస్త సిగ్గుపడుతూ నవ్వాడు. "ఈసారి మెల్లగ గుంజుత."

మిషిన్‌ను చార్జింగ్‌కు పెట్టాను. తెర వెలగడానికి కాసేపు పట్టింది. నికెల్ గుర్తు, ఆ పెద్ద అంకె, నేను వదిలేసినవి వదిలేసినట్టే ఉన్నాయి. మూత విప్పాను. నల్లబడిన దూది, దాని మీద తీగ. అల్మారా తలుపు మీద నుంచి అయస్కాంతం తీసుకొచ్చి, తీగను ఊడదీసి దాని పక్కన పెట్టాను. అంటుకోలేదు. మూడేళ్ల కిందట పెట్టవలసిన పరీక్ష అది. రెండు క్షణాలు పట్టింది.

"అన్నా, గిది నికెల్ కాదు. స్టీలు. ఆ దినం నేను సూడకుంటనే సుట్టిన. సూడకుంటనే స్టిక్కర్ ఏసిన. నీకు దగ్గొచ్చినప్పుడే నాకు తెలిసింది. తెలిసే నీ మీద ఏసిన. గేటు కాడ గూడ చెప్పలే." ఇంకా ఏమేమో అన్నాను. వేప్ బయటపడితే ప్రమోషన్ పోతుందని భయపడ్డానని కూడా చెప్పాను, ఏదీ దాచలేదు.

ఆయన తీగ ముక్కను వేళ్ల మధ్య పట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. తిడతాడని ఎదురుచూశాను. కొడితే బాగుండుననిపించింది.

"అంటె," అన్నాడు చివరికి, "నేను గట్టిగ గుంజలే?"

"లేదన్నా."

"మూడు దినాలు గా రూముల పండి గదే అనుకున్న. ఒక పొగ గూడ సక్కగ గుంజ రానోడు సిగరెట్ ఏమిడుస్తడు అని. గందుకే ముట్టిచ్చిన." ఆగి, ఊపిరి తీసుకున్నాడు. "గా కిటికీ కాడ చెప్పినా అయిపోవు తమ్మీ. మల్ల ముట్టకపోదును."

క్షమించమని అడిగాను. ఆయన ఆ మాట విననట్టే, గోటితో మిషిన్ వీపు గీకడం మొదలుపెట్టాడు. పాత స్టిక్కర్ పొడిపొడిగా రాలి దుప్పటి మీద పడింది. అంతా పోయాక మిషిన్‌ను నా ముందుకు జరిపాడు.

నేను అలవాటుగా సంచిలోంచి కొత్త స్టిక్కర్ తీయబోయాను.

"గది వద్దు" అన్నాడు. కుర్చీ దగ్గరికి లాక్కుని, కళ్లజోడు పెట్టుకుని, నా చేతుల మీదికి వంగాడు. "తీగ సుట్టు. నా ముంగట సుట్టు."